ఎనభై నాలుగో పేజీలో సత్రం

రెండువేల పద్దెనిమిది జూన్ పదకొండు, సోమవారం. ఆ రోజు గవర్రాజుగారి క్యారేజీలో దోసకాయ పప్పు, గుమ్మడి వడియాలు, అడుగు గిన్నెలో చిక్కటి మజ్జిగ ఉన్నాయి. తేదీ ఎందుకు గుర్తుందంటే, పప్పులో ఉప్పు సరిగ్గా పడిన రోజది. భార్య రాజ్యం పోయిన ఈ రెండేళ్ళలో ఆయన వండుకున్న పప్పుల్లో ఉప్పు ఎక్కువైనవి కొన్ని, తక్కువైనవి కొన్ని, అసలు వేయడమే మరిచిపోయినవి మరికొన్ని. ఆ సోమవారం మాత్రం కుదిరింది. ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక తనలోనే దాచుకుని రెండో ముద్ద కలుపుతూ ఉండగా డైరెక్టరుగారి గది నుంచి పిలుపొచ్చింది.

గవర్రాజుగారు పనిచేసేది క్రీడాభ్యసన మండలిలో. పిల్లలకు ఆటల ద్వారా చదువు చెప్పాలని ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. ఏలేటిపట్నంలో ఒక పాత మేడలో నడుస్తుంది. మండలి పుట్టి నాలుగేళ్ళయినా దాని కడుపున ఒక్క ఆటా పుట్టలేదు గాని, బీరువాలు మాత్రం ఇరవై ఆరున్నాయి. ప్రచురణల విభాగంలో గవర్రాజుగారు సహాయ సంపాదకులు. ప్రూఫులు దిద్దడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల తప్పులు దిద్దుతున్నా, మనుషుల మీద చిరాకు పడటం అలవాటు కాలేదు.

డైరెక్టరు మార్కండేయులుగారు పన్నెండు రోజుల విదేశీ అధ్యయన యాత్ర ముగించుకుని ఆ ఉదయమే వచ్చారు. బల్ల మీద ఇటుకంత పుస్తకం ఒకటుంది. అట్ట మీద రెక్కల పాము నిప్పులు కక్కుతోంది. అది వీడియో ఆటకు అచ్చువేసిన దారిపుస్తకం. ఆటలో హీరో ఏ అడవిలోంచి వెళ్ళాలి, ఏ గుహలో ఏ పెట్టె ఉంటుంది, ఏ రాక్షసుడికి మంటంటే భయం, ఎవడికి మంచు అంటే భయం, అన్నీ పటాలతో పట్టికలతో రాసి ఉన్నాయి. ఆయన ఒక పాత పుస్తకాల కొట్లో చూశారట. ఈ పుస్తకం దగ్గరుంటే ఆటలో ఎవరూ ఓడిపోరని కొట్టువాడు చెప్పాడట.

"గమనించవలసిన అంశం ఏమనగా," అన్నారు డైరెక్టరుగారు, "ఎవరూ ఫెయిల్ కాని విద్యావిధానం అది. మన రాష్ట్రానికి తక్షణావసరం. ఎనిమిదో తరగతికి ఇటువంటి పుస్తకమొకటి మీరు సిద్ధం చేయవలెను."

గవర్రాజుగారు మెల్లిగా, ఏ ఆటకండీ అని అడిగారు.

ఆట వేరే ఫైలు అని డైరెక్టరుగారు వివరించారు. ఆట చేయించాలంటే సాంకేతిక శాఖ అనుమతి కావాలి, అది ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. అచ్చు మాత్రం మండలి చేతిలో పని. కాబట్టి ముందు పుస్తకం వస్తుంది. తరువాత ఆ పుస్తకంలో ఉన్నట్టుగా ఆట తయారవుతుంది. "ఇల్లు కట్టేముందు ప్లాను గీయరా?" అన్నారు. అది నిజమే కదా అనిపించి, గవర్రాజుగారు పుస్తకం చంకన పెట్టుకుని బయటికొచ్చారు. మజ్జిగన్నం చల్లగానే ఉంది. అదీ ఒక అదృష్టమే.

నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు వారాలు ఆ విదేశీ పుస్తకం చదివారాయన. మొదట విసుగేసింది. అరవయ్యో పేజీ దాటాక ఒక సంగతి ఆయన కంటబడింది. ప్రతి ప్రమాదం ముందూ చిన్న అక్షరాల్లో ఒక సూచన ఉంది: ఈ వంతెన దాటేముందు కాసేపు ఆగండి, ఈ గదిలో ఎడమవైపు నడవకండి, ఇక్కడ మీ మందులు అయిపోతాయి, బెంగపడకండి, మలుపు తిరిగితే నీళ్ళున్నాయి. రాసినవాడెవడో ఆ మూల నూరుసార్లు చచ్చి ఉంటాడు. వెనక వచ్చేవాడు, తనకు ముక్కూ మొహమూ తెలియనివాడు, చావకూడదని కూర్చుని రాశాడు. ముందు వెళ్ళి దెబ్బలు తిన్నవాడు వెనకొచ్చేవాడికి రాసిపెట్టిన ఉత్తరం అన్నమాట. అలా చూసేసరికి గవర్రాజుగారికి ఆ పని మీద ఇష్టం పుట్టింది.

ఆటకు 'విజయయాత్ర' అని పేరు పెట్టారు. హీరోకి ధీరుడని. ధీరుడు ఊరు విడిచి, అడవి దాటి, అగ్నిసర్పాన్ని గెలిచి, కొండ మీది మహామాయావిని ఓడించి, ఎత్తుకుపోయిన నదిని ఊరికి తిరిగి తేవాలి. ధీరుడికి మొదట నూరు పాళ్ళ ప్రాణశక్తి ఉంటుంది. పనిని బట్టి తరుగుతుంది. రోజూ సాయంత్రం దీపం పెట్టుకుని పటాలు గీశారు. ఎనభై నాలుగో పేజీకి వచ్చేసరికి ధీరుడికి మొదటి రాత్రి అయింది. ఎక్కడ పడుకోబెట్టాలా అని గవర్రాజుగారు చాలాసేపు ఆలోచించి, చివరికి తన ఇంట్లోనే పడుకోబెట్టారు.

ఆయన ఇల్లు బస్టాండు వెనక వీధిలో ఉంది. ఆఖరి బస్సు వెళ్ళేదాకా రాజ్యం తలుపు గడియ పెట్టేది కాదు. ఎవరైనా దిగుతారేమో, ఊళ్ళో ఎవరూ లేనివాళ్ళేమో అని ఒక మనిషికి సరిపడా అన్నం మిగిల్చి ఉంచేది. వచ్చినవాళ్ళను నీది ఏ ఊరు, ఏ పని మీద వచ్చావు అని అడిగేది కాదు. "అన్నం తిన్నావా?" అని ఒక్కటే అడిగేది. బస్సు వెళ్ళాక గుమ్మంలో నిలబడి వీధి అటూ ఇటూ చూసి, ఇనుప గడియకు కొంగు చుట్టి, లోపల పడుకున్నవాళ్ళు లేవకుండా చప్పుడు కానీయకుండా వేసేది. ఇప్పుడు ఆ గడియ ఆయన ఎంత నెమ్మదిగా వేసినా టంగుమంటుంది.

ఇదంతా ఎనభై నాలుగో పేజీలో రాశారు, పేరు తప్ప. 'సత్రం పెద్దమ్మ' అన్నారు. సత్రం ఊరి పొలిమేరకు ఇవతలే, బస్సులు ఆగే చోటు వెనక వీధిలో. ధీరుడు తలుపు దగ్గరకు వస్తే చాలు, ఏ మీటా నొక్కనక్కరలేదు, ఆవిడే తీస్తుంది. అన్నం పెడుతుంది. తెల్లారేసరికి ప్రాణశక్తి మళ్ళీ నూరవుతుంది. రాసిన కాగితం చేత్తో నిమిరి ఫైల్లో పెట్టారు. ఆ రాత్రి ఆయనకు బాగా నిద్రపట్టింది.

పుస్తకం చిత్తుప్రతి అక్టోబరులో వివిధ శాఖల పరిశీలక సంఘం ముందుకు వెళ్ళింది. సంఘంలో ఏడుగురు సభ్యులు. వీడియో ఆట ఆడినవారు ఒక్కరూ లేరు, అందువల్ల పక్షపాతానికి తావులేకుండా పోయింది.

శాంతిభద్రతల సభ్యుడు మొదట లేచారు. మూడో పేజీలో ధీరుడు ఎవరి ఇంట్లోకో చొరబడి కుండలు పగలగొట్టి నాణేలు తీసుకుంటున్నాడు, ఇది దొంగతనం కాదా అన్నారు. విదేశీ పుస్తకంలో అందరూ అలాగే చేస్తున్నారండి అని గవర్రాజుగారు మనవి చేశారు. మన ధీరుడు అలా చేయడని తీర్మానమైంది. ధీరుడు తలుపు కొట్టి, వచ్చిన పని చెప్పి, గృహస్థు అంగీకారం లిఖితపూర్వకంగా పొంది, కుండను పగలగొట్టక వంచి చూడవలెను.

తరువాత గుహలో నిధిపెట్టె. భూమిలో దొరికిన నిధి ప్రభుత్వానిదని రెవెన్యూ సభ్యుడు జ్ఞాపకం చేశారు. ధీరుడు పెట్టె కనబడిన వెంటనే వెనక్కి నడిచి ఊరికి వచ్చి, ఇద్దరు సాక్షులను తీసుకెళ్ళి పంచనామా చేయించవలెను. అలా చేస్తే ఆరో పేజీ నుంచి ఇరవయ్యో పేజీ వరకు ధీరుడు గుహకూ ఊరికీ తిరగడమే సరిపోతుందని గవర్రాజుగారు అంటే, పిల్లలకు వ్యాయామం అన్నారు.

కత్తికి లైసెన్సు కావాలన్నారు, వచ్చేదాకా చేతికర్ర. ప్రాణశక్తి పెంచే పచ్చమందుకు డాక్టరు చీటీ కావాలన్నారు. అగ్నిసర్పం దగ్గర అటవీ సభ్యుడు గంటసేపు మాట్లాడారు. అది రక్షిత జంతువుల జాబితాలో లేని మాట నిజమే. కాని లేదని తేలేవరకు ఉన్నట్టే భావించాలి. కాబట్టి ధీరుడు దాన్ని చంపరాదు; దరఖాస్తు పెట్టి బోను వచ్చేవరకు దూరంగా నిలబడవలెను. మహామాయావిని ఓడించడం కూడా కుదరదని విద్యాసభ్యుడు తేల్చారు. ఓటమి అనే భావన పసిమనసులకు హానికరం. మహామాయావి 'ఒప్పించబడును.'

ఇన్ని అనుమతులు తెచ్చుకోవాలి కనుక మొదటి అధ్యాయం పేరు 'అడవి దారి' తీసేసి 'ధ్రువపత్రములు' అని పెట్టారు. ధీరుడు ఆరు కార్యాలయాల్లో ఆరు కాగితాలు తెచ్చుకుంటేగాని ఊరి పొలిమేర తెరుచుకోదు. గవర్రాజుగారు సంపాదకుడి ధర్మం ప్రకారం ఒక్క వాక్యం చేర్చారు: 'క్యూలో నిలబడిన ప్రతి గంటకు నాలుగు పాళ్ళ ప్రాణశక్తి తగ్గును.' దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అక్కడున్నవాళ్ళెవరూ క్యూలో నిలబడి ఎరుగరు.

అలా సాయంత్రం నాలుగు గంటలకు ఎనభై నాలుగో పేజీ వచ్చింది.

"ఈమె ఏ పథకం కింద అన్నం పెడుతోంది?" అన్నారు ఆర్థిక సభ్యుడు.

"ఏ పథకమూ కాదండి. ఆవిడ అలవాటండి."

"అలవాటు అనే పద్దు మనకు లేదు."

డైరెక్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఈమె ఆయుధం ఇవ్వదు, రహస్యం చెప్పదు, మార్కులు వచ్చే సమాచారం ఏదీ ఈమె వద్ద లేదు. విద్యార్థికి ఈమె వలన కలుగు ప్రయోజనం ఏమిటి?"

గవర్రాజుగారు ఎనభై నాలుగో పేజీ ఒకసారి చూసుకున్నారు. "నిద్రపడుతుందండి," అన్నారు.

నిద్ర సిలబస్‌లో లేదు. ఎనభై నాలుగో పుట తొలగించవలెనని రాసుకున్నారు. మిగిలిన పేజీలు సాయంత్రం టీ వచ్చేలోపు ఆమోదం పొందాయి.

మరుసటి వారం సమావేశ వివరాల కాగితం టైపయి గవర్రాజుగారి బల్ల మీదికి వచ్చింది. కింద ఆయన సంతకం పెట్టాలి. పెన్ను మూత తీశారు. రెండేళ్ళ కిందట ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం మీద కూడా ఇలాగే, కింద కుడివైపు, సంతకం పెట్టారు. పెన్ను మూత పెట్టేశారు. సంతకం పెట్టనని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. పుస్తకంలో మార్పు జరిగితే పరీక్షల విభాగానికి తెలపాలని ఒక నియమం మాత్రం గుర్తొచ్చింది. సంతకం ఒక పావుగంట వాయిదా పడినా మేలే కదా అని కాగితం పట్టుకుని మేడమెట్లు ఎక్కారు.

పరీక్షల విభాగం సూపరింటెండెంటు హైమవతిగారు. నలభై అయిదేళ్ళ మనిషి, మాట కరుకు, చేతిరాత ముత్యాలు. కాగితం చదివి పక్కన పెట్టారు.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని, ఆట లేదు గాని పేజీలు మాత్రం తీసేస్తున్నారేంటండీ?" అన్నారు. "ఇది కుదరదండి. ప్రశ్నపత్రం సీలు పడిపోయింది."

పుస్తకమే రాలేదు కదండీ అన్నారు గవర్రాజుగారు.

"పరీక్షల క్యాలెండరులో అక్టోబరు పదిహేనుకి సీలు వెయ్యాలని ఉందండి. పుస్తకం వచ్చాక వెయ్యాలని ఎక్కడా లేదు. మీరిచ్చిన చిత్తుప్రతీ, సంఘంవారు మార్చమన్నవీ చూసి పేపరు చేసేశాం, తీసెయ్యమన్నవి మాకెవరూ చెప్పలేదు. పదకొండో ప్రశ్న, నాలుగు మార్కులు: సత్రం పెద్దమ్మ దినచర్యను వర్ణింపుము." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పేజీ తీసేస్తే ప్రశ్న సిలబస్ బయటిదైపోద్ది. అందరికీ నాలుగు మార్కులు ఊరికే కలపాలి. ఎవడో ఒకడు కోర్టుకెళ్తాడు. ప్రశ్న మార్చాలంటే సీలు విప్పాలి. విప్పితే జైలండి. కాబట్టి ప్రశ్నపత్రం ఎలా ఉందో పుస్తకం అలా ఉండాలి."

 నలభై ప్రశ్నలు చేయగల పుస్తకంలో ఆ పేజీయే ఎందుకు తీసుకున్నారండీ అని గవర్రాజుగారు అడిగారు.

హైమవతిగారు కిటికీలోంచి బయటికి చూశారు. "నేను డ్యూటీలో చేరడానికొచ్చిన రోజున ఆఖరి బస్సుకి దిగానండి. వాన. ఊళ్ళో ఒక్కరూ తెలీదు. మీ వీధిలో ఒక్క తలుపు తెరిచుంది. లోపల మీరు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు."

"నాలుగేళ్ళ నుంచీ ఒకే ఆఫీసులో ఉన్నాం. మీరెప్పుడూ చెప్పలేదండి."

"సందర్భం రాలేదండి," అన్నారు హైమవతిగారు. "ఆ పూట దొండకాయ వేపుడు."

కబురు విని డైరెక్టరుగారు మూడు రోజులు ఆలోచించారు. ప్రశ్నపత్రం పవిత్రమైనది, అందులో ఆయనకు సందేహం లేదు. నాలుగో రోజు ఫైలు మీద రాశారు: 'సత్రం పెద్దమ్మను ప్రథమ ముద్రణ వరకు తాత్కాలిక ప్రాతిపదికన కొనసాగించి, ద్వితీయ ముద్రణలో విధుల నుండి తొలగించవలెను.' ఒక్క ఏడాది. గవర్రాజుగారు దానికే సంతోషించి, ఆ పూట దొండకాయలు కొనుక్కుని ఇంటికెళ్ళారు. వేపుడు మాడింది గాని అడుగున మాత్రమే.

'విజయయాత్ర: సమగ్ర వ్యూహదర్శిని' నాలుగు వందల పన్నెండు పేజీలతో వెలువడింది. ఎనిమిదో తరగతి పిల్లలందరికీ తలా ఒకటి పంచారు. ఆట ఇంకా సాంకేతిక శాఖ దగ్గరే ఉంది. కాని బోధనకు ఆట లేకపోవడం ఏమాత్రం ఆటంకం కాదని నెలలోనే తేలిపోయింది. పైగా సౌకర్యంగా ఉంది.

మేష్టర్లు పటాలను నల్లబల్ల మీద గీసి, ధీరుడు తూర్పుకు ఏడడుగులు, ఉత్తరానికి మూడడుగులు అని ఎక్కాల్లా వల్లెవేయించారు. రాక్షసుల బలహీనతల పట్టికకు రాగం కట్టారు. ప్రాక్టికల్స్ ఉండాలన్నారు గనక రికార్డు పుస్తకాలు పెట్టారు. ఆట ఆడే కంట్రోలరు బొమ్మ గీసి పద్నాలుగు భాగాలు గుర్తించాలి. గీతలు స్కేలుతో గీయాలి. పక్క స్కూలు నుంచి పరీక్షకుడు వచ్చి మార్కులు వేస్తాడు. దర్శినిలో ఆ బొమ్మ తలకిందులుగా అచ్చయింది. గవర్రాజుగారు ప్రూఫులో గుర్తుపెట్టారు గాని, పద్నాలుగు పేర్లూ ఒప్పే కాబట్టి దిద్దనక్కరలేదని ప్రెస్సువాళ్ళు వదిలేశారు. రాష్ట్రంలోని పిల్లలందరూ దాన్ని తలకిందులుగానే అందంగా గీశారు.

దర్శినికి సంక్షిప్త దర్శిని వచ్చింది. కోచింగులు వెలిశాయి. 'ఆట ముట్టకుండా నూటికి నూరు' అని గోడల మీద రాతలు. గవర్రాజుగారి పక్కింటి ఇల్లాలు ఒకరోజు కొడుకు చేతిలోని ఫోను లాక్కుని, "రేపు ఆట పరీక్ష పెట్టుకుని ఇవాళ ఆటలేంట్రా?" అని వీపు మీద ఒకటేసింది. ఆ మాటలో తప్పు ఎక్కడుందో గవర్రాజుగారు ఎంత వెతికినా దొరకలేదు.

ఏప్రిల్‌లో పరీక్ష జరిగింది. మహామాయావిని ఒప్పించు విధములు ఆరింటిని పేర్కొనుము, ఎనిమిది మార్కులు. అగ్నిసర్పము, బోను: తేడాలు తెలుపుము. పదకొండో ప్రశ్నకు జవాబు నమూనాలో సత్రానికి రెండు మార్కులు, అన్నానికి ఒకటి, తలుపుకు ఒకటి కేటాయించారు. మూల్యాంకనంలో గవర్రాజుగారికి ఒక కట్ట వచ్చింది. అందులో ఎవరో ఒక పిల్ల, గుండ్రటి చేతిరాత, ఇలా రాసింది: 'పెద్దమ్మ గడియ మెల్లగా వేస్తుంది. ఎందుకంటే అప్పటికే పడుకున్న మనిషి కూడా రోజంతా నడిచి వచ్చినవాడే.' కారణం జవాబు నమూనాలో లేదు. దానికి మార్కులు వేసే అధికారం ఆయనకు లేదు. పెన్ను కిందపెట్టి, ఆ పేజీని కాసేపు అలా తెరిచి ఉంచారు. అంతకంటే ఏం చేయగలరు.

తొంభై ఎనిమిది శాతం ఉత్తీర్ణత. తలాటం స్కూలు అమ్మాయి మేఘన నూటికి నూరు తెచ్చుకుని రాష్ట్రంలో మొదటిది. ఆటలో రాష్ట్రప్రథమురాలని ఊళ్ళో బ్యానరు కట్టారు.

జూలైలో ఊహించనిది జరిగింది. ఆట వచ్చింది.

మండలి కలవరపడింది. నిజానికి అందరూ దాని సంగతి మరిచిపోయారు. చేసిన ఇంజనీర్లు తమకిచ్చిన దర్శినికి భయపడి అక్షరం తప్పకుండా అనుసరించారు. దాన్ని ప్రభుత్వ కార్యదర్శి సమక్షంలో ప్రదర్శించాలని ఉత్తర్వు వచ్చింది. అదే సభలో ద్వితీయ ముద్రణ ప్రతిని కార్యదర్శి ఆమోదిస్తారు. ఆ ప్రతిలో ఎనభై మూడు తరువాత ఎనభై అయిదు ఉంది. గవర్రాజుగారు స్వయంగా తీసిన ప్రూఫు అది. ఈసారి ఆయనకు వెళ్ళడానికి మెట్లు లేవు.

సాయంత్రం నాలుగింటికి హాలు నిండింది. గోడంత తెర. మేఘనను ముందుకు పిలిచి, పూలగుత్తి ఇచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో కంట్రోలరు పెట్టారు. ఆ పిల్ల దాన్ని తలకిందులుగా పట్టుకుంది. ధీరుడు వెనక్కి నడిచి గోడకు గుద్దుకున్నాడు. మళ్ళీ గుద్దుకున్నాడు.

కార్యదర్శిగారు కనుబొమలు ఎత్తారు. డైరెక్టరుగారు వంగి, "విద్యార్థిని తప్పు కాదండి. పరికరం తయారీలో లోపం. పుస్తకంలో ఉన్నట్టుగా లేదు. నోటీసిస్తాం," అన్నారు. "పైగా ఆ గోడ సిలబస్‌లో లేదు."

గవర్రాజుగారు వెళ్ళి, తల్లీ ఇటు తిప్పి పట్టుకో అని చేతులు సరిచేసి వచ్చారు. ధీరుడు ముందుకు నడిచాడు. మొదటి కార్యాలయం. క్యూ. నివాస ధ్రువపత్రం గుమాస్తా భోజనానికి వెళ్ళాడు. తెర మీద మూలన ప్రాణశక్తి నూరు నుంచి తొంభై ఆరయింది. రెండో కార్యాలయానికి వెళితే మొదటి కాగితం జిరాక్సు అడిగారు. ఎనభై. ఇంజనీర్లు చాలా నిజాయితీగా చేశారు: గుమాస్తా తిరిగొచ్చేటప్పుడు పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. నలభై నాలుగు. మూడో కార్యాలయంలో సర్వరు పనిచేయడం లేదు. కార్యదర్శిగారి మొహంలో రంగు మారింది. సంవత్సరాల కిందట ఉద్యోగం రాకముందు ఆయన కూడా ఒకసారి క్యూలో నిలబడ్డారట. ఆ తర్వాత టీ దగ్గర చెప్పారు.

ప్రాణశక్తి పన్నెండు. ఎనిమిది. ధీరుడు తూలుతున్నాడు. తెర మీద ఊళ్ళో పొద్దుగూకింది. నాలుగు.

"అమ్మాయ్, పచ్చమందు," అన్నారు డైరెక్టరుగారు మెల్లగా.

"డాక్టరు చీటీ లేదండి," అంది మేఘన. ఏడవడానికి సిద్ధంగా ఉంది. "వ్యూహదర్శిని పదిహేడో పేజీ."

"కత్తి?"

"దరఖాస్తు పరిశీలనలో ఉందండి."

ప్రభుత్వం వారు స్వయంగా తయారుచేసిన ధీరుడు ప్రభుత్వ కార్యదర్శి ఎదుట, మూడో కాగితం కూడా రాకుండానే చచ్చిపోబోతున్నాడు.  మేఘన కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. నాలుగు వందల పన్నెండు పేజీలు ఆ తలలో తిరగడం గవర్రాజుగారికి వినిపిస్తున్నట్టే ఉంది. ఎక్కడో ఆగాయి. పిల్ల కళ్ళు తెరిచి, బొటనవేలు భయంభయంగా కదిపింది. పడమరకు అయిదడుగులు. బస్సులు ఆగే చోటు వెనక వీధి.

తలుపు దానంతటదే తెరుచుకుంది. గుమ్మంలో ఒక పెద్దావిడ, నీలం చీర. ఇంజనీర్లకు చీర రంగు ఎవరు చెప్పారో. పేజీలో నీలమని రాసిన సంగతి గవర్రాజుగారే మరిచిపోయారు.

"అన్నం తిన్నావా?" అంది ఆవిడ. మేఘన కూడా ఆవిడతోపాటు పైకే చదివింది.

ధీరుడు లోపలికి వెళ్ళాడు. ప్రాణశక్తి మెల్లగా పెరిగింది. ఇరవై. యాభై. నూరు. కార్యదర్శిగారు మొదట చప్పట్లు కొట్టారు, తరువాత హాలంతా కొట్టింది. ఈమె ఎవరు, ఏ శాఖ అని ఆయన అడిగారు. దర్శిని ద్వితీయ ముద్రణలో ఈమె ఉంది కదా అని కూడా అడిగారు.

డైరెక్టరుగారు ఒక్క క్షణమే తడబడ్డారు. "ఈమె మా మండలి ప్రత్యేక రూపకల్పనండి. విశ్రాంతి సదుపాయాల విభాగం," అని, గవర్రాజుగారి వైపు తిరిగారు. "రాసుకోండి. సత్రం పెద్దమ్మ తాత్కాలిక నియామకం రద్దుచేసి, ఈ తేదీ నుండి శాశ్వత ప్రాతిపదికన కొనసాగించడమైనది. అన్ని ముద్రణలకూ వర్తించును."

గవర్రాజుగారు రాసుకున్నారు. కింద కుడివైపు తన సంతకం పెట్టారు.  వెనక వరుసలో హైమవతిగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఉద్యోగమంటే ఇలా రావాలండి అని పక్కనున్నవాళ్ళతో అంటున్నారు.

మిర్చి బజ్జీలు, టీ అయ్యాయి. పెద్దలు కార్లెక్కారు. మేఘన వెళ్ళబోతూ గవర్రాజుగారి దగ్గరికొచ్చి, ఆ పేజీలో ఒక ప్రశ్న వచ్చిందండి, నేను కారణం కూడా రాశాను, మార్కులేమైనా ఉన్నాయా అని అడిగింది. ఆ పిల్ల తన పూలగుత్తి కాగితం మీద తనే రాసుకున్న పేరు చూశారు గవర్రాజుగారు. గుండ్రటి చేతిరాత.

"మార్కుల్లేవు తల్లీ," అన్నారు. "చదివినవాళ్ళు ఒకరున్నారు."

అది చాలన్నట్టు తలూపి, తండ్రితో కలిసి బస్సుకు పరుగెత్తింది.

హాలు ఖాళీ అయింది. అటెండరు సింహాచలం తాళాలగుత్తితో వచ్చి, తెర ఇంకా వెలుగుతూ ఉండటం చూసి స్విచ్చి వైపు నడిచాడు. "కట్టెయ్యమంటారా బాబూ? తలుపులేసి ఎల్లిపోవాల."

తెర మీద వీధిలో ఆఖరి బస్సు దీపాలు దూరంగా కదిలి మాయమయ్యాయి. సత్రం గుమ్మంలో పెద్దావిడ నిలబడి అటు చూసింది. ఇటు చూసింది.

"ఒక్క నిమిషం ఆగు," అన్నారు గవర్రాజుగారు. "ఆవిడ వేశాక మనం వేద్దాం."

సింహాచలం తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పెద్దావిడ కొంగు తీసి గడియకు చుట్టింది. తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.